సాటిన్ పరుపు

అక్టోబరు 9, మంగళవారం, 1973

ఈ డైరీ కొత్త సంవత్సరానికి మిల్లు ఏజెంటు ఇచ్చిపోయాడు. ఇన్నాళ్లూ కొట్టులో నేను కూర్చునే గద్దె పక్కన టీ గ్లాసు పెట్టుకోవడానికి పనికొచ్చింది. అట్ట నిండా గుండ్రటి మరకలు. ఈ రోజు కొట్టు కట్టేసి వెనక ఇంట్లోకి వచ్చాక ఎవరితోనైనా ఒక మాట అనాలనిపించింది. ఇంట్లో పావురాలు తప్ప ఎవరూ లేరు. అందుకని తెరిచాను.

సుమిత్ర ఔరాద్ వెళ్లి రెండు రోజులైంది. పుట్టింటికి, తన తమ్ముడు సదాశివ్ దగ్గరికి. గాలి మార్పు కోసం. మనిషన్నాక గాలి మార్పు అవసరమే. ఔరాద్ గాలికీ బీదర్ గాలికీ తేడా ఏమిటని అడిగితే మాత్రం నేను చెప్పలేను.

వెళ్లేటప్పుడు నాతో ఏమీ చెప్పలేదు. గుండప్పతో చెప్పింది. గుండప్ప మంగళగి వాడు, ముప్పై ఏళ్లుగా మా బట్టల కొట్టులో గుడ్డ కొలిచి కోసే మనిషి. అతను నాకు ఆ మాట అప్పగించాడు.

"సావుకార్, అమ్మ చెప్పి పోయింది. పావురం గుడ్ల మీద ఉన్నదట. రెండు పూటల జొన్నలు ఏయాలె, నీళ్లు పెట్టాలె. గూడు మాత్రం ముట్టుకోవద్దన్నది."

'ముట్టుకోవద్దు' అన్నచోట కాస్త ఎక్కువసేపే ఆగాడు. ముప్పై ఏళ్ల నౌకరీ మనిషికి చాలా ధైర్యం ఇస్తుంది.

అక్టోబరు 10, బుధవారం

అన్నం మాడింది.

అక్టోబరు 12, శుక్రవారం

ఔరాద్‌కు కార్డు రాశాను. "ఇక్కడ అంతా క్షేమం. పావురాలు క్షేమం. వంట బాగానే కుదురుతోంది. నీ వీలు చూసుకుని రా, తొందరేమీ లేదు." చదువుకుంటే బాగుంది. హుందాగా ఉంది. గుండప్ప చేత డబ్బాలో వేయించాను.

పావురాలు రెండే. బూడిదరంగు మీద చుక్కలున్న మగదాని పేరు జొన్న. తెల్లటి ఆడదాని పేరు సున్నం. పేర్లు ఆమె పెట్టినవే, నాకు సంబంధం లేదు. మిద్దె మీద, కిరసనాయిలు డబ్బాలు వచ్చే చెక్కపెట్టెలో వాటి కాపురం. పగలు జొన్న పొదుగుతుంది, సాయంత్రం నుంచి సున్నం. డ్యూటీ మారేటప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేదు. చూస్తుంటే ముచ్చటేసింది. పనిలేక చూశాను, అంతే.

అక్టోబరు 16, మంగళవారం

రెండు గుడ్లూ పిల్లలయ్యాయి!

పొద్దున జొన్నలు వేయడానికి వెళితే పెట్టెలో గుడ్డు పెంకు. సున్నం పొట్ట కింద పసుపు నూగుతో రెండు ముద్దలు. కళ్లు తెరవలేదు, ముక్కు మాత్రం ముఖంకంటే పెద్దది. ఇంత అనాకారి జీవాలను నా జన్మలో చూడలేదు. కొట్టు తెరవడం అరగంట ఆలస్యమైంది. దీపావళి బేరాల రోజుల్లో ఇది తప్పు. గుండప్ప తాళాల కోసం గల్లీలో నిలబడి ఉన్నాడు.

"పిల్లలైనయా సావుకార్?" అన్నాడు నన్ను చూడగానే.

నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో.

అక్టోబరు 17, బుధవారం

గూడు శుభ్రం చేశాను.

ముట్టుకోవద్దంది, నిజమే. కానీ అది గుడ్లున్నప్పటి మాట. ఇప్పుడు గుడ్లు లేవు కదా. పైగా ఆ గూడు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. వేప పుల్లలు, చీపురు పుల్లలు, ఎక్కడెక్కడి చెత్తో తెచ్చి పేర్చింది ఆ జంట. దాని మీద పుట్టిన పిల్లలు, ఒంటి మీద గుడ్డ లేదు. మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇల్లు ఇది. ఈ ఇంట్లో పుట్టి పుల్లల మీద పడుకుంటాయా?

పుల్లలన్నీ తీసి పారేశాను. గులాబీ రంగు సాటిన్ థాన్‌లో నుంచి గజం కోసి, నాలుగు మడతలు వేసి పరిచాను. పెళ్లికూతుళ్ల జాకెట్లకు తీసుకుపోయే సరుకు అది. చెయ్యి పెడితే ఆగదు, జారిపోతుంది. పిల్లలు రెండూ దాని మీద ఎంత హాయిగా పడుకున్నాయో! సున్నం మొదట కాస్త బెదిరింది, తర్వాత కూర్చుంది.

సుమిత్ర వచ్చి చూడాలి. పావురాలంటే నాకు పడదని అనుకుంటుంది.

అక్టోబరు 19, శుక్రవారం

పిల్లలు రెట్టింపయ్యాయి. ఇది అబద్ధం కాదు. జొన్న, సున్నం రెండూ గొంతులోంచి పాలలాంటిది కక్కి పెడుతున్నాయి. తండ్రి కూడా పెడుతోంది! ఈ సంగతి నాకు తెలియదు. పన్నెండేళ్లుగా ఆ మిద్దె మీద ఇదే జరుగుతున్నా నాకు తెలియదు.

సాటిన్ మాసింది. కొత్త ముక్క మార్చాను, ఈసారి ఆకుపచ్చ.

అక్టోబరు 20, శనివారం

సదాశివ్ దగ్గర్నుంచి కార్డు. "బావగారికి నమస్కారాలు. అక్క బాగున్నది. చేన్ల కందులు పూతకు వచ్చినవి." అంతే. ఎప్పుడు వస్తుందో లేదు. కందిపూత సంగతి నేను అడిగానా?

అక్టోబరు 22, సోమవారం

పెద్దపిల్ల కాళ్లు అదోలా ఉన్నాయి. నిద్రలో అలా పెట్టుకుందేమో.

అక్టోబరు 23, మంగళవారం

నిద్ర కాదు.

పెద్దదానికి రెండు కాళ్లూ పక్కలకు పోయాయి, ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. లేవబోతే పొట్ట మీదే ఉండి ఈత కొడుతున్నట్టు ఆడిస్తుంది. చిన్నదానికి కుడికాలు ఒక్కటే అలా ఉంది. ఆరు రోజుల కింద ఇవే కాళ్లు పొట్ట కింద ముడుచుకుని చక్కగా ఉన్నాయి. నేను చూశాను.

ఏదో దిష్టి. లేదా జొన్నల్లో దోషం. కొత్త బస్తా జొన్నలు వాసన వస్తున్నాయని నాకు మొదట్నుంచీ అనుమానమే. గుండప్పను మిద్దె మీదకు పిలిచి చూపించాను. నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇవి నడవయి సావుకార్. మా మంగళగిల అయితే ఇట్లాంటివి ఇప్పటికే కూరల పడుతుండె."

"నోరు ముయ్యి."

"నేను వాటిని ముట్టను సావుకార్. మంగళగి ముచ్చట చెప్పిన, అంతే."

అన్నం సహించలేదు. సుమిత్ర గూట్లో పన్నెండేళ్లలో ఎన్ని పిల్లలు అయ్యాయో! ఒక్కదానికీ ఇలా కాలేదు. ఆమె నా చేతికి అప్పగించి వెళ్లిన తొలి కాన్పు ఇది. ఆమె వచ్చి చూస్తే ఏమంటుంది? ఏమైనా అంటే ఫరవాలేదు. ఏమీ అనకుండా మళ్లీ ఔరాద్ బస్సెక్కితే?

అక్టోబరు 24, బుధవారం

ఈ రోజు నేను కిందపడ్డాను. జరిగినట్టే రాస్తాను, ఇది చదివేది నేనొక్కణ్నే.

వెనక గల్లీలో ఉండే తబిత వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. సుమిత్రను అక్కా అంటుంది, నన్ను అన్నా అంటుంది. అక్క ఎప్పుడొస్తుందని అడగడానికి వచ్చింది. గాలి మార్పు అని చెప్పాను. అలాగా అంది, నమ్మలేదు. మాట మార్చడానికి పిల్లల్ని చూపించాను.

ఒక్కొక్కదాన్ని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాలు మెల్లగా వంచి, చాచి చూసింది. తర్వాత పెట్టెలోకి చూసింది.

"ఈ బట్ట ఎవరు పరిచిన్రన్నా?"

"నేనే. సాటిన్. మా కొట్టులో దీన్ని మించింది లేదు."

"గట్లనా. జర దాన్ని కింద పరువుండ్రి."

పరిచాను. మా ఇంట్లో అన్నీ నున్నటి శాబాదు బండలు.

"ఇగ దాని మీద నిలబడుండ్రి."

నిలబడ్డాను. ఒక్క అడుగు వేశాను. ఎడమకాలు ఎటు పోయిందో, కుడికాలు ఎటు పోయిందో, ధబీమని కూర్చున్నాను. గుండప్ప నవ్వు గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. అతను కొట్టులో కాక గుమ్మం దగ్గర ఎందుకు ఉన్నాడో తర్వాత అడగాలి.

తబిత నవ్వలేదు, నర్సు కదా. చెయ్యిచ్చి లేపి అంది. "చూసిన్రా అన్నా? మీ కాలు యాభై ఏడేండ్లది. వీటి కాలు ఎనిమిది దినాలది. పుల్లలుంటె వేళ్లతో పట్టుకుంటయి, పట్టుకుని కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుంటయి. దీని మీద ఏం పట్టుకుంటయి?"

జొన్నల బస్తా దోషం కాదు. దిష్టి కాదు. నేను.

"ఇంక బాగుకావా?" అన్నాను.

"ఎందుకు కావు? కాళ్లు వంకర పోయిన పసిపిల్లలు మా దగ్గరికి వస్తరు. తొందరగ తెస్తే కట్టు కట్టి తిప్పుతం. బొక్కలు లేతగున్నప్పుడే పని. వీటికి ఇంక పదిపన్నెండు దినాలున్నయనుకోండ్రి. ఆ తర్వాత బొక్క గట్టిపడ్తది, ఎంత కట్టినా తిరగది."

సాటిన్ తీసేశాను. మిల్లు నుంచి బేళ్లు చుట్టి వచ్చే గోనె ఉంటుంది కదా, మేం విప్పి అవతల పారేసేది, అది పరవమంది. గరుకుగా ఉంటుంది, వేళ్లకు పట్టు దొరుకుతుంది. రెండు కాళ్లనూ పొట్ట కిందికి తెచ్చి, మధ్యలో వేలెడు సందు వదిలి, ఎనిమిది అంకెలా గుడ్డపేలిక చుట్టి కట్టాలట. కట్టి చిన్న గిన్నెలో గోనెముక్క వేసి కూర్చోబెడితే కాళ్లు పక్కలకు పోవు. రోజూ విప్పి, గోరువెచ్చని నీళ్లలో కాళ్లు ఆడించి, వాపు లేదని చూసి మళ్లీ కట్టాలి. ఈ పూట కట్టు తబితే కట్టింది. రేపటి నుంచి నేను.

"కట్టేటందుకు మెత్తటి బట్ట కావాలె. మీకు బట్టల కరువా అన్నా!" అని నవ్వుతూ పోయింది.

అక్టోబరు 25, గురువారం

బట్టల కరువే.

జరీలేసుతో కడితే కాలు ఒరుసుకుపోయింది. వెంటనే తీసేశాను. టెర్లిన్ ముడి నిలవదు. మల్‌మల్ కొత్తది, గంజి వదల్లేదు, గట్టిగా ఉంది. పాప్లిన్ అంచు కోస్తుంది. కొట్టులో అరలన్నీ దింపించాను. గుండప్ప ఒక్కో థాన్ తెచ్చి విప్పి, "ఇది చూడుండ్రి సావుకార్, కొత్త మాల్" అని గిరాకీకి చూపించినట్టే చూపించాడు. పావురం పిల్ల నా చేతిలో కిచ్‌కిచ్‌మంటోంది. మూడు తరాల కొట్టులో ఎనిమిది అంగుళాల మెత్తటి పేలిక దొరకలేదు.

చివరికి వంటింట్లో గిన్నెలు దించడానికి సుమిత్ర వాడే పాత చీర ముక్క. ఎన్నిసార్లు ఉతికిందో, నీళ్లలా ఉంది. ఏ చీరో గుర్తుపట్టాను. మా పెళ్లైన ఏడు మా నాన్న గద్దె మీద నుంచి తీసి ఇచ్చింది. అదే కట్టాను. ముడి నిలిచింది. పిల్ల ఊరుకుంది.

అక్టోబరు 26, శుక్రవారం, దీపావళి

కొట్టులో పూజ చేశాను. గద్దె మీద మొదటి దీపం ఎప్పుడూ సుమిత్ర పెడుతుంది. ఈసారి అగ్గిపెట్టె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. "మీరే పెట్టుండ్రి, నూనె ఆరిపోతాంది" అన్నాడు గుండప్ప. పెట్టాను.

ఇంక రాయక తప్పదు. గాలి మార్పు లేదు, ఏమీ లేదు.

దసరాకు ముందురోజు కొట్టు కిటకిటలాడుతోంది. కమలాబాయి తన కోడలి సీమంతానికని నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. బెనారసు పరిచాను. సుమిత్ర వాళ్లకు టీ తెచ్చింది, వెనకాలే సున్నం ఎగురుతూ వచ్చి గద్దె మీద వాలి బెనారసు మీద రెట్ట వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు నేను కమలాబాయితో, అందరికీ వినబడేట్టు, నవ్వుతూ ఇలా అన్నాను. "ఏం చేస్తం బాయి, పిల్లలు కాలేదు, పిట్టల్ని సాకుతాంది."

వాళ్లూ నవ్వారు.

సుమిత్ర టీ గ్లాసులన్నీ ఒక్కొక్కటిగా అందరికీ ఇచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. లోపలికి వెళ్లింది. పండగ దాటే వరకు ఇంట్లో పని అంతా చేసింది. నవరాత్రి ఉపవాసం విడిచి, పారణ తర్వాత బస్సెక్కింది.

కమలాబాయి కోడలి సీమంతం కోసం వచ్చిన వాళ్ల ముందు! ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చింది? డాక్టర్ల దగ్గరికి తిరిగిన ఏళ్లలో నేను ఆమె పక్కనే ఉన్నాను. ఎవరేమన్నా నేను అడ్డం నిలబడ్డాను. ముప్పై ఏళ్లు ఎవరినీ అననివ్వని మాట నేనే అన్నాను.

మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. గద్దె మీద కూర్చుని చెప్పిన మాట తిరగదు. ధర పొరపాటున చెప్పినా అదే ధర. తప్పు మాట పడిందనుకుంటే గద్దె దిగి, కింద గిరాకీల పక్కన నిలబడి, ఆ మాట తప్పని అందరికీ వినబడేట్టు చెప్పాలి. అప్పుడే చెల్లుతుంది. నాన్న రెండుసార్లు దిగాడు. నేను ఇంతవరకు దిగలేదు. కానీ అది వ్యాపారం మాటలకు. ఇంటి మాటలకు వర్తించదు. వర్తించదనే అనుకుంటున్నాను.

అక్టోబరు 27, శనివారం

కట్టు మార్చాను. వాపు లేదు. సున్నం ముడిని పొడిచి లాగుతోంది, ముడి వెనక్కు తిప్పి కట్టాను. చిన్నది నా వేలు పట్టుకుంది. కుడికాలితో! పట్టు చాలా గట్టిగా ఉంది. గుండప్పను పిలిచి అతని వేలూ పెట్టమన్నాను.

"మంగళగి ముచ్చట నేను వాపస్ తీసుకుంటున్న సావుకార్" అన్నాడు.

అక్టోబరు 29, సోమవారం

ఈసారి కార్డు కాదు, కార్డైతే అందరూ చదువుతారు. అంటించి మూసే ఇన్‌లాండు కాగితం తెచ్చి రాశాను. గూడు ముట్టుకున్నానని రాశాను. సాటిన్ అని రాశాను. గులాబీ ఒకటి, ఆకుపచ్చ ఒకటి అని కూడా రాశాను. కాళ్ల సంగతి, నేను పడిన సంగతి. చివర, ఆ రోజు కొట్టులో అన్న మాట తప్పని రాశాను. అది ఒక్క వాక్యమే, మూడు కాగితాలు ఖరాబయ్యాయి.

అక్టోబరు 30, మంగళవారం

పెద్దది గిన్నెలో కూర్చుని తల ఎత్తి చూస్తోంది. దానికీ ఈకల మొలకలు వచ్చాయి. ఒళ్లంతా సూదులు గుచ్చినట్టుంది. అందం ఇంకా రాలేదు.

అక్టోబరు 31, బుధవారం

జవాబు లేదు. ఔరాద్‌కు ఉత్తరం ఒక్క రోజులో పోతుంది. అక్కడి నుంచి రావడానికీ ఒక్క రోజే.

నవంబరు 1, గురువారం

చిన్నది నిలబడింది.

రాష్ట్రం పేరు కూడా మారింది. పొద్దుట్నుంచి చౌబారా బురుజు దగ్గర బాజాలు, ఊరేగింపు. మైసూరు పోయి కర్ణాటక అయింది. మా బోర్డు మీది 'మైసూరు స్టేట్' చెరిపించడానికి పెయింటరును పిలిచాను. అతను నిచ్చెన మీద ఉండగా మిద్దె మీదకు వెళ్లి కట్టు విప్పితే చిన్నది గోనె మీద రెండు కాళ్లతో నిలబడి ఉంది! ఊగుతోంది, పడలేదు. నేను పైనుంచి అరిచాను. పెయింటరు ఊరేగింపు కోసం అనుకుని "జై కర్ణాటక" అని తనూ అరిచాడు.

పెద్దది ఇంకా పొట్ట మీదే. ఇవాళ్టికి పదహారు రోజులు. తబిత వచ్చి చూసి, కాళ్లు కిందికి వచ్చాయి, బలం చాలడం లేదంది. రోజుకు నాలుగుసార్లు నీళ్లలో ఆడించమంది.

నవంబరు 3, శనివారం

ఆరుసార్లు ఆడించాను. నిలబడలేదు. జవాబూ లేదు.

నవంబరు 4, ఆదివారం

మెల్లగా, వరసగా రాయాలి.

పదకొండు గంటలకు మిద్దె మీద కూర్చుని, గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో పెద్దదాని కాళ్లు ముంచి, దానితో మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడానో రాయను. వెనక మెట్ల మీద గాజుల చప్పుడు.

సుమిత్ర. చేతిలో సంచి అలాగే ఉంది. నన్ను చూడలేదు, నా చేతుల్లోకి చూసింది.

"ఇటియ్యిండ్రి" అంది.

ఇచ్చాను. గట్టు మీద కూర్చుని కొంగుతో దాని కాళ్లు తుడిచి, తడిసిన కట్టు ముడి విప్పింది. పేలిక చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసింది. మళ్లీ చూసింది.

"మామ ఇచ్చిన చీర గదా ఇది?"

"కొట్టులో ఏదీ పనికిరాలేదు" అన్నాను.

సుమిత్ర పిల్లను గోనె మీద దించింది. దాని పొట్ట కింద వేలు పెట్టి కాస్త ఎత్తి, వేలు తీసేసింది. పిల్ల కూలబడింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ కూలబడింది. మూడోసారి ఆమె నోటిలో నాలుగు జొన్నలు వేసుకుని నమిలి, వేలి చివర పెట్టి, పిల్ల ముక్కుకు జానెడు దూరంలో ఉంచింది. అది మెడ చాచింది, అందలేదు. పొట్ట ఎత్తింది. రెండు కాళ్లూ గోనెను పట్టుకున్నాయి. నిలబడింది! ఒక అడుగు, పడబోయి ఇంకో అడుగు, వేలు అందుకుని తినేసింది.

నేను ఏడ్చాను. రాస్తున్నాను కదా, ఏడ్చాను. సుమిత్ర నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు.

"బస్సుల ఉత్తరం మల్ల చదివిన. సాటిన్ ముచ్చటకాడ గట్టిగ నవ్వితే కండక్టర్ తిరిగి చూసిండు. గులాబీది ఒకటి, ఆకుపచ్చది ఒకటి! మీరు గాక ఎవరు పరుస్తరు?"

"మరి రెండో సంగతి?" అన్నాను.

నవ్వు ఆపింది. పిల్లను ఒళ్లో పెట్టుకుంది.

"అది ఉత్తరంల చెల్లది. ఆ మాట మీరు నాతోటి అనలే. గద్దె మీద కూసుని అన్నరు."

వెళ్లి వంట మొదలుపెట్టింది. చాలాకాలానికి అన్నం మాడలేదు.

నవంబరు 5, సోమవారం

కమలాబాయికి కబురు పంపించాను, కొత్త చీరలు వచ్చాయని. చీరలు నిజంగానే వచ్చాయి. పన్నెండు గంటలకు తన వాళ్లతో వచ్చింది. అప్పటికే కొట్టులో ఆరేడుగురు ఉన్నారు. నేను ఏ చీరా విప్పలేదు.

గద్దె దిగాను. చెప్పులు లేకుండా కింద బండల మీద, గిరాకీల పక్కన నిలబడ్డాను. గుండప్ప చేతిలో కత్తెర సగంలో ఆగిపోయింది. నాన్న దిగినప్పుడు చూసినవాడు కదా.

ఈ కాళ్లకు కూడా ఎవరైనా కట్టు కట్టాలనిపించింది.

"దసరా ముందుర ఈ గద్దె మీద నేనొక మాట అన్న" అన్నాను. "నా భార్య పిల్లలు కాక పిట్టల్ని సాకుతాందని. ఆ మాట తప్పు. ఆమె సాకేది ఆమెకు వచ్చు గనుక. నాకు రాదు. ఆమె లేనప్పుడు సాటిన్ పరిచి రెండు పిల్లల కాళ్లు ఖరాబ్ చేసిన. ఆమె గూట్ల పన్నెండేండ్లల ఒక్కటి చెడలే. ఆ మాట నేను వాపస్ తీసుకుంటున్న. మీరంత విన్నరు."

ఒక ముసలాయన, ఎవరో నాకు తెలియదు, తల ఊపాడు.

కమలాబాయి ముఖం ఎర్రబడింది. "నేను సుత నవ్విన గద వామన్‌రావన్నా" అంది. "నేను ఎక్కడికెల్లి దిగాలె?"

అప్పుడు లోపలి దర్వాజ పరదా కదిలింది. సుమిత్ర. చేతిలో టీ పళ్లెం, భుజం మీద పెద్దపిల్ల, కొంగును కాలిగోళ్లతో గట్టిగా పట్టుకుని. కమలాబాయికి మొదటి గ్లాసు ఇచ్చింది. "నువ్వు కూసో అక్కా, టీ తాగు" అంది. కమలాబాయి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత సుమిత్ర పిల్లను తీసి గద్దె మీద, తెల్లటి దుప్పటి మీద దించింది. అది నాలుగు అడుగులు నడిచింది, తప్పటడుగులే. విప్పి ఉన్న థాన్ దాకా వెళ్లి, ఆగి, తోక ఎత్తి పని కానిచ్చింది.

కొట్టంతా నా ముఖం వైపు చూసింది.

"కాళ్ల మీద నిలబడి వేసింది" అన్నాను. "పొట్ట మీద ఉండి కాదు, చూసిన్రా?"

ముందు సుమిత్ర నవ్వింది. తర్వాత ఎవరు నవ్వలేదని అడగాలి.

నవంబరు 17, శనివారం

పెద్దది ఎగిరింది. పెట్టె మీద నుంచి గట్టు మీదకు, గట్టు మీద నుంచి నా తల మీదకు. చిన్నది మూడు రోజులుగా ఎగురుతూనే ఉంది. దాని కుడికాలు కొంచెం వంకరగానే ఉండిపోయింది. దానికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

సున్నం మళ్లీ గుడ్లు పెట్టేట్టుందని సుమిత్ర అంది. గూటికి పుల్లలు కావాలంది. పొద్దున్నే, కొట్టు తెరవకముందే వెళ్లి, సంచెడు వేప పుల్లలు ఏరి తెచ్చాను. ఆమె మిద్దె మీద కూర్చుని ఒక్కొక్కటి వెలుతురులో తిప్పి చూసింది. "ఇది నున్నగున్నది. ఇది పురుగు పట్టింది. ఇది చూడుండ్రి, దీనికి పట్టే లేదు." సగానికి పైగా గల్లీలోకి పారేసింది.

మారుమాట లేకుండా సంచి దులుపుకుని మళ్లీ వెళ్లాను.